ఎనిమిది గుర్తు తుపాకి

అల్ గుబైరాలో ఏ ఇంటికి వెళ్లినా మగవాళ్లు కూచునే గదిలో గోడకు ఒక పాత తుపాకి వేలాడుతూ ఉంటుంది. దానికంటే పొడవైన కథ ఒకటి ఇంటాయన నాలుక చివర వేలాడుతూ ఉంటుంది. తుపాకిని ఏడాదికి రెండుసార్లు, రెండు పండగలకే కిందికి దించుతారు. కథను మాత్రం కాఫీ పోసినప్పుడల్లా దించుతారు. విన్నవాళ్లు మొదటిసారి వింటున్నట్టే తలలాడిస్తారు. రేపు తమ తుపాకి కథకి ఈయనా తలాడించాలి కదా!

మర్హూన్ ఇంటి తుపాకికి పేరు కూడా ఉంది. అబూ తమానియా, అంటే ఎనిమిదింటి తండ్రి. మర్హూన్ తాత జాహిర్ కొండ కనుమలో ఒంటరిగా కూచుని ఎనిమిది తూటాలతో ఎనిమిదిమంది దోపిడీగాళ్లను మట్టి కరిపించాడట. అందుకే తుపాకి కుడి పక్క ఇనుము మీద ఎనిమిది అంకె చెక్కి ఉందట. ఈ కథ మర్హూన్‌కు వాళ్ల నాన్న సులైమ్ చెప్పాడు. తాతను మర్హూన్ చూడలేదు. సులైమ్ వయసులో ఉండగా జాంజిబార్ వెళ్లి, లవంగాల వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చాడు. వచ్చినవాడు సొంత ఊళ్లో నిలవకుండా, కొండకు ఇవతల ఉన్న అల్ గుబైరాలో ఖర్జూరపు తోట కొని స్థిరపడ్డాడు. పూడిపోయిన నీటి కాలవను సొంత ఖర్చుతో తవ్వించాడు. ఊరు ఊరికే ఉండలేదు. పండగనాడు మగవాళ్లంతా బారులు తీరి పాడుతూ ఆడే రజ్‌హాలో ముందు చోటూ, మొదటి తూటా పేల్చే హక్కూ ఆ ఇంటికి ఇచ్చింది. సులైమ్ పోయాక అవి మర్హూన్‌వి అయ్యాయి. ముప్పై ఏళ్లుగా ఆయనవే.

ఆ ముప్పై ఏళ్లూ రెండో చోట నిలబడ్డవాడు శామిస్. మర్హూన్ భార్య జువైనాకు స్వయానా అన్న. చెల్లెల్ని ఇచ్చాడు గానీ ముందు చోటును మాత్రం మనసారా ఇవ్వలేకపోయాడు. పెద్ద పండగ పది రోజుల్లో ఉందనగా, ఊరి చావడిలో అందరూ కాఫీ తాగుతుండగా, మర్హూన్ మళ్లీ కనుమ కథ ఎత్తుకున్నాడు. ఐదో దొంగ పడేలోగా శామిస్ చేతిలోని కాఫీ గిన్నెను ఠక్కున కింద పెట్టాడు.

"బావా, నిరుడు ఆరోవాడు పారిపోయాడన్నావు. ఈసారి వాణ్ణి కూడా చంపేట్టున్నావే!"

చావడి గొల్లుమంది. మర్హూన్ మీసం కింద నవ్వేసి ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

"నీకు కుళ్లు బావా. మీ ఇంట్లో ఉన్నది పక్షుల్ని బెదిరించే తుపాకి. అది చాలక..."

"మాది పక్షులదే. నేనెప్పుడైనా కాదన్నానా? నీ దాని సంగతి చెప్పనా మరి? అది మీ తాతది కాదు. మీ నాన్న ఓడ దిగుతూ మస్కట్ రేవులో ఎవడి దగ్గరో కొన్నాడు. దానికి తాతని తగిలించాడు."

మర్హూన్ ఒంటికాలి మీద లేచాడు. ముఖం కందగడ్డ అయింది. "అది మా తాతది కాదని తేలిందా, ఈ పండక్కే ముందు చోటు నీకిచ్చేస్తా. పోయి తోక చివర కమ్మరి వాళ్ల పక్కన నిలబడతా! వింటున్నారుగా అందరూ!"

విన్నారు. వినడానికేగా చావడి ఉన్నది. కమ్మరి ఇళ్లవాళ్లు కూడా గుమ్మం దగ్గర కూచుని విన్నారు. వాళ్ల దాకా కాఫీ ఇంకా రాలేదు. వాళ్లకు ఎప్పుడూ చివరికే వస్తుంది. రజ్‌హా బారులోనూ వాళ్ల చోటు చిట్టచివరే. మర్హూన్ మాటకు వాళ్లలో ముసలివాడు సన్‌గూర్ తల దించుకుని చేతి కర్రతో నేల మీద గీతలు గీశాడు. ఆ మాట ఎవరికి తగిలిందో మర్హూన్ ఆ క్షణాన చూడలేదు. కోపం వచ్చినవాడికి ఎదుటివాడు ఒక్కడే కనిపిస్తాడు.

తేల్చేదెవరు? నిజ్వా బజారులో ఖల్ఫాన్. ఆ పేరు చెప్పగానే రెండు పక్షాలూ ఒప్పేసుకున్నాయి. యాభై ఏళ్లుగా ఆ బజారులో పాత తుపాకులకు వెల కడుతున్నవాడు. సొంత అల్లుడు తెచ్చిన తుపాకిని నలుగురిలో నకిలీ సరుకని తేల్చి, పెళ్లానికి మూడు నెలలు ముఖం చూపించలేకపోయినవాడు. ఆయన మాటకు తిరుగు లేదు.

ఇంటికొచ్చి తుపాకిని గోడ మీంచి దించుతుంటే మర్హూన్‌కు కోపం దిగి భయం ఎక్కింది. తుపాకి గొట్టానికి మూడు వెండి పట్టీలున్నాయి. పోయే ముందు నాన్న తన చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్పాడు. "మధ్య పట్టీ ఎన్నడూ తీయకు. తుడిచినా పైపైన తుడువు." ఎందుకని అడిగితే ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. దాని కింద ఏదో తాయెత్తు ఉందనుకున్నాడు మర్హూన్ ఇన్నాళ్లూ. ఇప్పుడు ఇంకో అనుమానం పురుగులా తొలిచింది. అక్కడ ఎవరో వేరేవాళ్ల పేరు ఉంటే?

శుక్రవారం పొద్దున్నే బావలిద్దరూ ఒకే బండిలో బయల్దేరారు. తుపాకి జువైనా దుప్పటిలో చుట్టుకుని ఇద్దరి మధ్యా పడుకుంది. పండగ ముందరి సంత కావడంతో నిజ్వాలో ఇసక వేస్తే రాలనంత జనం. శామిస్ ముందు మేకల దగ్గరికి లాక్కెళ్లాడు. ఒక మేకపోతు నోరు తెరిచి పళ్లు చూశాడు.

"దీనికి రెండేళ్లు. చూశావా బావా, మేకకైతే పళ్లు చెబుతాయి. నీ దానికి నోరు పెద్దదే గానీ పళ్లు లేవు పాపం."

"నీకు రెండూ ఉన్నాయిగా, చాల్లే నడువు."

మేకను కొని తాడు పట్టుకుని వెంట నడిపించుకునే వచ్చాడు శామిస్. తుపాకుల మూలకు ముగ్గురూ చేరారు, ఇద్దరు బావలూ ఒక మేకపోతూ.

ఖల్ఫాన్ కోట గోడ నీడన పొట్టి పీట మీద కూచుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కళ్లజోడుకు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. ఎదురుగా చాప మీద ఏడెనిమిది తుపాకులు పరిచి ఉన్నాయి. సలాములూ క్షేమాలూ కాఫీ ఖర్జూరాలూ అయ్యేదాకా ఎవరూ తుపాకి ఊసెత్తలేదు. మేకపోతు మాత్రం చాప అంచు నమలడం మొదలెట్టింది.

"ఎవరిది?" అన్నాడు ఖల్ఫాన్ చివరికి, దుప్పటి వైపు చూస్తూ.

"మా తాతది బాబాయ్. కాదని మా బావ పందెం."

"ఈ బజార్లోకి వచ్చేవన్నీ తాతలవే నాయనా. యాభై ఏళ్లలో మేనమామది అని తెచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఇలా ఇవ్వు."

ఆయన పని చేసే తీరు చూసి తీరాలి. ముందు తుపాకిని చూడలేదు. రెండు చేతుల మీదా పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కళ్లు మూసుకుని, బరువు ఎటు మొగ్గుతోందో చూసుకున్నాడు. తర్వాత కింది మీటను ముందుకు తోసి వెనక్కి లాగాడు. లోపల ఇనపదిమ్మ దిగి మళ్లీ లేచి టప్‌మంది. ఆ చప్పుడు విని మళ్లీ ఒకసారి లాగాడు. మూడోసారి చెవి దగ్గర పెట్టుకుని లాగాడు. బొటనవేలితో గొట్టం పొడుగునా రాసుకుంటూ వెళ్లాడు. పిడి కర్రను గోరుతో గీరి వాసన చూశాడు. శామిస్ వేళాకోళం మరిచిపోయి ముందుకు వంగాడు.

"పేరేమైనా ఉందా దీనికి?"

"అబూ తమానియా అంటాం."

ఖల్ఫాన్ చెయ్యి ఆగింది. "ఎనిమిదా? ఏడు కాదూ?"

"ఎనిమిదే. ఇదిగో, అంకె చెక్కి ఉంది."

ఖల్ఫాన్ అప్పుడు కళ్లజోడు సవరించుకుని కుడి పక్క ఇనుము మీద ఉన్న గుర్తును చూశాడు. గుడారం నిలబెట్టినట్టు రెండు గీతలు, పైన కలిసి కింద విడిపోయి, అరబ్బీ అంకెల్లో ఎవరు చూసినా ఎనిమిది. ఆయన నిట్టూర్చి తుపాకిని ఒళ్లో పెట్టుకున్నాడు. చాప మీంచి ఇంకో తుపాకి తీశాడు. చూడ్డానికి అచ్చం అలాంటిదే.

"ఇది నా సొంతది. ఇంగ్లీషువాళ్ల మార్టినీ. అమ్మను, చూపించడానికి ఉంచుకున్నా. ఇక్కడ చూడండి. పైన కిరీటం. దాని కింద వాళ్ల రాణిగారి పేరులో మొదటి అక్షరం. ఎలా ఉంది?"

"ఏడులా ఉంది" అన్నాడు శామిస్.

నిజమే. ఇంగ్లీషు 'వి' అక్షరం, గరాటులా పైన విడిపోయి కింద కలిసి, అచ్చం అరబ్బీ ఏడు అంకెలాగే ఉంది.

"చదువురాని మన పాతకాలం వాళ్లు దీన్ని ఏడనే అనుకున్నారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని మార్టినీలకు ఏడు పేరుందో లెక్కే లేదు. ఇక సముద్రం అవతల కొండ బజార్లలో దీన్ని చూసి నకళ్లు కొట్టేవాళ్లు. వాళ్లకూ ఇంగ్లీషు రాదు. ఒక్కోసారి అక్షరాన్ని తలకిందులుగా కొట్టేస్తారు. ఏడును తలకిందులు చేస్తే ఏమవుతుంది?"

శామిస్ అరచేతిలో వేలితో ఏడు గీసి, చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఎనిమిది.

"నీ తుపాకి పేరు వినగానే నాకు సగం తెలిసిపోయింది నాయనా" అన్నాడు ఖల్ఫాన్ మెల్లగా. "ఇది ఇంగ్లీషుది కాదు."

మర్హూన్‌కు సంత గోల అంతా ఎక్కడో దూరంగా వినిపించింది. ముప్పై ఏళ్లు ముందు చోట నిలబడి తలకిందుల అక్షరాన్ని ఆకాశానికెత్తి చూపించాడన్నమాట! శామిస్ 'చూశావా' అంటాడని ఎదురుచూశాడు. శామిస్ అన్నాడు గానీ, నోట్లో ఖర్జూరం ఉండటంతో అది గట్టిగా వినపడలేదు. ఎందుకో ఆయనకూ అది అంత రుచిగా అనిపించలేదు.

బేరం అక్కడితో అయిపోవాలి. ఖల్ఫాన్ తుపాకిని దుప్పటిలో చుట్టి చేతికి ఇచ్చేయాలి. ఇవ్వలేదు. మీటను ఇంకోసారి లాగాడు. టప్. తన మార్టినీ మీట లాగాడు. టప్. ఏది ఏదో చెప్పలేనంత ఒకటిగా ఉన్నాయి ఆ రెండు చప్పుళ్లూ.

"నకలు ఇలా మోగదే!" అన్నాడు తనలో తనే. "నకలు గడగడలాడుతుంది. ఇది ఇంత నిమ్మళంగా కూచుందేమిటి?"

జేబులోంచి చిన్న తెల్లకాగితం ముక్క తీసి, మీట తెరిచి, గొట్టం వెనక చివర పెట్టాడు. ఎండ పడేట్టు పట్టుకుని గొట్టం మూతి లోంచి చూశాడు. పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. ఆపి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత శామిస్ వైపు తిరిగాడు.

"నువ్వు పోటీదారువి కదా? రా. ఆ మేకను వదిలి ఇలా రా. లోపల గొట్టం గోడల మీద మెలి తిరిగిన గాడులు కనిపిస్తాయి. తూటా గిర్రున తిరుగుతూ పోవడానికి కోస్తారు. ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు."

శామిస్ ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించాడు. "అబ్బో! మెరుస్తోంది బాబాయ్. ఒకటి, రెండు..." వేళ్లు మడుచుకుంటూ వెళ్లాడు. "ఎనిమిది."

"సరిగ్గా చూడు."

"ఎనిమిదే. నా మేక మీద ఒట్టు."

"ఇప్పుడు నాది చూడు."

శామిస్ ఖల్ఫాన్ మార్టినీ తీసుకుని చూశాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఏడు" అన్నాడు. అని, తలెత్తి మర్హూన్ వైపు చూశాడు. "బావా, దీంట్లో ఏడే ఉన్నాయి!"

"ఇంగ్లీషు మార్టినీ ఏదైనా సరే ఏడే" అన్నాడు ఖల్ఫాన్. ఆయన గొంతు మారింది. లేచి నిలబడ్డాడు. బేరాలప్పుడు ఆయన లేవడం ఆ మూలన ఎవరూ చూసి ఎరగరు. పక్క అంగడివాళ్లు కూడా ఇటు తిరిగారు. "నేను ముసలి గాడిదను. పేరు విని తీర్పు చెప్పేశాను. ఇది తలకిందుల అక్షరం కాదు. దొంగ నకలు కొట్టేవాడు అన్నీ కొడతాడు. కిరీటం కొడతాడు, రాణి పేరు కొడతాడు, ఊరి పేరు తప్పుగా కొడతాడు. దీని మీద కిరీటం ఏది? నున్నగా వదిలేశాడు. ఈ గుర్తు చూడండి. అచ్చుతో గుద్దింది కాదు. మన కలంతో రాసినట్టు లావుగా మొదలై సన్నగా ముగిసింది. ఇది ఎనిమిదే. చేసినవాడు ఎనిమిది అనే రాశాడు."

"ఎందుకు రాశాడు?" అన్నాడు మర్హూన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఆలోచించు నాయనా. ఇంగ్లీషు చదువు లేదు. చేతికి ఒక మార్టినీ వచ్చింది, బాగు చెయ్యమని ఎవరో ఇచ్చి ఉంటారు. విప్పి చూశాడు. లోపల ఏడు గాడులు. పైన ఏడు అంకె. ఏమనుకుంటాడు? ఆహా, ఆ దేశపు పనివాడు ఎంత నిజాయితీపరుడు, ఎన్ని గాడులు కోశాడో అంత అంకె వేశాడు అనుకున్నాడు! తర్వాత తను ఒకటి చేశాడు. గుండ్రంగా ఉన్నదాన్ని చేత్తో ఏడు సమభాగాలు చెయ్యడం ఎంత కష్టమో ఈ వెండిపనివాళ్లను అడుగు. సగం చేసి, ఆ సగాన్ని సగం చేసి, దాన్నీ సగం చేస్తే ఎనిమిది వస్తుంది. ఎనిమిది కోశాడు. ఎనిమిది కోశాడు కాబట్టి ఎనిమిది అని వేశాడు. అబద్ధం ఆడలేదు. ఇంగ్లీషువాడి గుర్తును అర్థం చేసుకోవడంలో పొరబడ్డాడు గానీ, గుర్తు వెయ్యడంలో పొరబడలేదు."

శామిస్ నోరు వెళ్లబెట్టాడు. మేకపోతు చాప మూల ఒక జానెడు మింగేసింది. ఎవరూ అదిలించలేదు.

"అక్కడ ఆవిరి యంత్రాలతో లక్షల్లో చేశారు ఇవి. ఇతను ఆకురాయి పట్టుకుని ఒక్కటి చేశాడు. ఈ కర్ర వాళ్ల అక్రోటు కాదు, మన కొండల్లో రేగు. గాడులు చూశారా, ఒకదాని లోతు ఒకదానికి వెంట్రుకంత తేడా లేదు. ఒక్కో గాడికి వందలసార్లు ఉలి లాగి ఉంటాడు. ఒక్కసారి చెయ్యి వణికితే గొట్టం మొత్తం పారెయ్యాలి." ఖల్ఫాన్ గొట్టాన్ని అరచేత్తో నిమిరాడు. "ఇలాంటి పనితనం ఉన్న చెయ్యి మన మధ్య ఉండేదని ఇన్నాళ్లూ ఎందుకు గుర్తురాలేదో! ఇంత పని చేసినవాడు పేరు రాసుకోకుండా ఉండడు. ఈ మధ్య పట్టీ మిగతా వాటికంటే వెడల్పుగా ఉంది, కొత్తది కూడా. తియ్యమంటావా?"

మర్హూన్ తుపాకి మీద చెయ్యి వేశాడు. నాన్న ముఖం గోడవైపు తిరగడం కళ్లకు కట్టింది. తీయకపోతే ఇప్పటికీ కథ మిగులుతుంది. కనుమ మిగులుతుంది, ఎనిమిదిమంది దొంగలు మిగులుతారు. 'ఎవరు చేశారో తెలీదు, మా తాత చేయించుకున్నాడు' అని చెప్పుకోవచ్చు. శామిస్ కూడా సరేననేట్టే ఉన్నాడు. తీస్తే ఎవరి పేరు వస్తుందో! ఎవరి పేరు వచ్చినా, ఆ పేరును వెండి కింద కప్పెట్టింది తన తండ్రి. చేసినవాడు అబద్ధం ఆడలేదని ఖల్ఫాన్ ఇప్పుడే అన్నాడు. ఆ మాట మర్హూన్‌ను ఎక్కడో గుచ్చింది.

"తియ్యి బాబాయ్" అన్నాడు.

పక్క అంగట్లో వెండిపనివాడు కొయ్యసుత్తితో పట్టీని వేలెడు దూరం జరిపాడు. ఖల్ఫాన్ గుడ్డకు నూనె అద్ది తుడిచాడు. నల్లటి మడ్డి పోయింది. కింద సన్నటి అక్షరాల వరస మెరిసింది. ఖల్ఫాన్ తను చదవలేదు. తుపాకిని మర్హూన్ ముందుకు జరిపాడు.

మర్హూన్ కూడబలుక్కుంటూ చదివాడు. "దీన్ని చేసినవాడు, దేవుడి ముందు పేదవాడు, కమ్మరి జాహిర్."

మళ్లీ చదివాడు. కమ్మరి అన్న మాట చెరగలేదు.

ఒక్కసారిగా ఆయనకు ఇంటి పెరటి గుమ్మం గుర్తొచ్చింది. ఆ గుమ్మం పక్కన పుట్టెడు బరువున్న ఇనపదిమ్మ ఒకటుంది. మీద నున్నగా అరిగి నడుమ గుంట పడి ఉంటుంది. నలభై ఏళ్లుగా జువైనా దాని మీద ఎండు నిమ్మకాయలు చితక్కొడుతోంది. నాన్న ఊరు మారుతూ గిన్నెలు కూడా వదిలేసి వచ్చాడు గానీ, ఆ దిమ్మను గాడిద మీద వేసుకుని తెచ్చాడట. ఎందుకని ఎవరూ అడగలేదు. అది కమ్మరి ఇనుము కొట్టే దాగలి. తాత దాగలి. నాన్నకు తండ్రి పని చెప్పుకోవడానికి సిగ్గేసింది, పారెయ్యడానికి చేతులు రాలేదు. సొంత ఊళ్లో ఎందుకు నిలవలేదో కూడా ఇప్పుడు తెలిసింది. అక్కడైతే కాఫీ ఆయన దాకా చివరికి వచ్చేది.

"కమ్మరి" అన్నాడు శామిస్ నెమ్మదిగా. వేళాకోళం కాదు, తన చెల్లెల్ని ఏ ఇంటికి ఇచ్చాడో ఇన్నేళ్లకు తెలిసినవాడి గొంతు. కాసేపు మేక తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "మరి... ఆ ఎనిమిదిమంది దొంగలు?"

"ఎవరూ చావలేదు బావా. అందరూ క్షేమం" అన్నాడు మర్హూన్. అని నవ్వబోయాడు. నవ్వు బదులు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

ఖల్ఫాన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ పందెం ఏమిటో మాట మాటగా చెప్పండి."

"అది వాళ్ల తాతది కాదన్నాను నేను" అన్నాడు శామిస్. "కాదని తేలితే ముందు చోటు నాకిచ్చి, తోక చివర కమ్మరి వాళ్ల పక్కన నిలబడతానన్నాడు."

"అయితే విను. ఈ బజార్లోకి వచ్చినవన్నీ తాతలవే అన్నాను చూడు, అవన్నీ తాతలు కొన్నవి, దోచినవి, ఎత్తుకొచ్చినవి. తాతది అనదగ్గది యాభై ఏళ్లలో ఇదొక్కటే వచ్చింది. పందెం నువ్వు ఓడిపోయావు శామిస్." మర్హూన్ వైపు తిరిగాడు. "వెల కూడా అడిగి ఉంటారు మీ ఊళ్లో. ఇంగ్లీషుదైతే నాలుగొందల రియాళ్లు, వెండితో నాలుగొందల యాభై. దీనికి నా దగ్గర లెక్క లేదు. నా మార్టినీ తీసుకో. దానికి తోడు ఈ చాప మీదున్నవి ఏవైనా రెండు ఏరుకో. ఇది నాకిచ్చెయ్యి. ఇదే నేను కట్టే వెల."

యాభై ఏళ్లుగా అమ్మని తుపాకిని ఆయన రెండు చేతులా పట్టుకుని ముందుకు చాచాడు. చుట్టూ మూగినవాళ్లు గుసగుసలాడారు. ఆ చాచిన చేతుల వంక చూస్తుంటే మర్హూన్‌కు ఒళ్లు పులకరించింది. ఈ గౌరవం తనది కాదు. కాఫీ చివరికి అందుకున్న మనిషిది.

"ఇవ్వలేను బాబాయ్. మన్నించు."

"ఇస్తానంటే నిన్ను తిట్టేవాణ్ణి" అన్నాడు ఖల్ఫాన్, తన తుపాకిని చాప మీద పెట్టేస్తూ. "పట్టీ మళ్లీ జరపమంటావా?"

"వద్దు. తీసేయ్."

తిరుగు దారిలో వెనక మేకపోతు ఒక్కటే అరుస్తోంది. సగం దారిలో శామిస్ గొంతు సవరించుకున్నాడు.

"చావడిలో ఏం చెప్పమంటావు బావా? పట్టీ సంగతి నేను ఎత్తను. నా నోట రాదు. గెలిచావని చెబుతా, అంతే."

"నీ కళ్లతో చూసింది చెప్పు. నీ వేళ్లతో లెక్కపెట్టింది చెప్పు."

"ఊళ్లో అంటారు..."

"అననీ."

పండగనాడు నమాజు అయ్యాక ఊరి బయట మైదానంలో బారులు తీరారు. నగారాలు మొదలయ్యాయి. శామిస్ అప్పటికే చావడిలో అంతా చెప్పేశాడు. చెప్పకుండా ఉండలేడు, పైగా గాడులు లెక్కపెట్టింది తనేనాయె! ముందు చోటు ఖాళీగా ఉంది, అందరూ దాని వంక చూస్తున్నారు. కొందరి చూపుల్లో ప్రశ్న ఉంది, కొందరి చూపుల్లో ప్రశ్న కంటే కాస్త చేదైనది ఉంది.

మర్హూన్ వచ్చాడు. భుజాన తుపాకి, దాని మీద రెండే పట్టీలు, మధ్యలో తాత రాసుకున్న అక్షరాలు ఎండకు తళతళలాడుతున్నాయి. ముందు చోటు దాకా వచ్చాడు. ఆగలేదు. బారు పొడుగునా నడుచుకుంటూ చిట్టచివరికి వెళ్లాడు. అక్కడ సన్‌గూర్ తన ఇద్దరు తమ్ముళ్లతో నిలబడి ఉన్నాడు.

"పందెం గెలిచావటగా" అన్నాడు సన్‌గూర్, ఎటో చూస్తూ. "ఇటెందుకొచ్చావు?"

"గెలిచాను. అందుకే వచ్చాను పెదనాన్నా. ఆవేళ చావడిలో నోరు పారేసుకున్నాను. కాస్త జరుగు."

సన్‌గూర్ కదల్లేదు. తుపాకి వంక చూశాడు. చెయ్యి చాచి అడిగి తీసుకున్నాడు. మీట ముందుకు తోసి వెనక్కి లాగాడు. ఆ చప్పుడు విని, ఇంకోసారి లాగాడు, ఖల్ఫాన్ లాగినట్టే. ముడతలు పడ్డ ముఖం మెల్లగా విచ్చుకుంది. తమ్ముళ్ల వైపు తిరిగి "విన్నారట్రా?" అన్నాడు. తుపాకి తిరిగి ఇచ్చి, జరిగి చోటిచ్చాడు.

మొదటి తూటా పేల్చేవాడి వంశం కేకేసి చెప్పడం అక్కడి ఆచారం. చెప్పాల్సింది రెండో చోటువాడు. ముందు చోటు పక్కన శామిస్ ఒక్కడే నిలబడిపోయాడు. ముప్పై ఏళ్లుగా కోరుకున్నది ఎదురుగా ఖాళీగా ఉంది, ఒక్క అడుగు వేస్తే చాలు. ఆయన దాని వంక చూశాడు, బావ వంక చూశాడు, తలపాగా సర్దుకున్నాడు. ఆ తర్వాత గబగబా బారు చివరికి నడిచొచ్చి మర్హూన్ పక్కన నిలబడ్డాడు.

"నువ్వెక్కడుంటే దాని పక్కదే రెండో చోటు. నా ఖర్మ" అని గొణిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, మైదానమంతా మారుమోగేట్టు కేక పెట్టాడు.

"మర్హూన్! సులైమ్ కొడుకు! కమ్మరి జాహిర్ మనవడు!"

బారు మొత్తం వాళ్ల వైపు తిరిగింది. మర్హూన్ తుపాకి ఆకాశానికెత్తి మొదటి తూటా పేల్చాడు.